కడప కొండల నడకకు బేస్‌ప్లేట్ కంపాస్: ఒక సమీక్ష

గండికోట చుట్టుపక్కల ఎర్రమల కొండల్లో సర్వే ఆఫ్ ఇండియా పటంతో కలిపి వాడి చూసిన బేస్‌ప్లేట్ కంపాస్ ఇది. పారదర్శకమైన పలక, డిగ్రీల గుర్తులున్న తిరిగే వలయం, ద్రవంలో ఆడే ముల్లు, ఇంతే దీని నిర్మాణం. పలక అంచును పటం మీద మనమున్న చోటుకూ చేరవలసిన చోటుకూ కలిపి, వలయంలోని గీతలు పటపు ఉత్తరానికి సమాంతరమయ్యేలా తిప్పి, ఆపై ఎర్రముల్లు ఉత్తరపు గుర్తులో కుదిరేదాకా మనమే తిరిగితే, పలక మీది బాణం దారి చూపుతుంది. ఈ పనిని ఇది చక్కగా చేస్తుంది.

అయితే మొదట అందిన కంపాస్‌లో ముల్లు దక్షిణపు కొన వాలిపోయి, గూడు అడుగును రాసుకుంటూ ఆగిపోయేది. ఐరోపాలో భూమి అయస్కాంత బలరేఖలు నేలలోకి ఏటవాలుగా దిగి ముల్లు ఉత్తరపు కొనను కిందికి లాగుతాయి కనుక, అక్కడి వాడకానికి చేసిన ముల్లును దక్షిణపు కొన బరువుగా ఉండేలా తూకం వేస్తారు. అయస్కాంత మధ్యరేఖకు, అంటే బలరేఖలు నేలకు సమాంతరంగా సాగే చోటికి, దగ్గరగా ఉన్న రాయలసీమలో ఆ లాగుడు స్వల్పం కాబట్టి ఆ బరువే ముల్లును వంచేస్తుంది. భూమ్మీద ఏ ప్రాంతంలోనైనా పనికివచ్చే గ్లోబల్ నీడిల్ (ముల్లు) ఉన్న కంపాస్‌ను మార్పిడిగా తెప్పించుకున్నాక ఈ ఇబ్బంది పూర్తిగా తీరింది. ధర ఎక్కువైనా పెట్టవలసిన ఖర్చు ఇదే.

ఉత్తర ధ్రువం ఉన్న దిక్కైన నిజ ఉత్తరానికీ ముల్లు చూపే అయస్కాంత ఉత్తరానికీ గల తేడాను సరిచేసే అమరికకు మాత్రం అదనంగా చెల్లించనక్కరలేదు. కడపలో ఆ తేడా పశ్చిమానికి ఒకటి, ఒకటిన్నర డిగ్రీలే. కిలోమీటరు నడకకు ముప్పై మీటర్లకు మించి పక్కకు పోము.

కొనేముందు అంచున 1:50,000 కొలబద్ద ఉందో లేదో తప్పక చూడాలి, ఎందుకంటే సర్వే ఆఫ్ ఇండియా పీడీఎఫ్ రూపంలో ఉచితంగా ఇచ్చే పటాలు ఆ స్కేలులోనే ఉంటాయి. జిరాక్స్ షాపులో పటాన్ని కాగితానికి సరిపడేలా కుదించి ముద్రిస్తే ఆ కొలబద్ద అక్కరకు రాదు. స్కేలు గీత మీద కిలోమీటరు సరిగ్గా 2 సెంటీమీటర్లు వచ్చేలా తీయించుకోవాలి.

పటం లేకుండా ఈ కంపాస్‌ను ఒంటరిగా నమ్మరాదని గట్టిగా చెబుతున్నాను. పెన్నా లోయ అంచున బాణం నేరుగా అవతలి గట్టును చూపుతుందే గాని, నడుమ నిలువునా తెగిన కొండ ఉందని చెప్పదు. ఆ సంగతిని పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ 20 మీటర్ల ఎత్తుకొకటిగా గీసిన కాంటూరు రేఖలు ఒకదానినొకటి ఒరుసుకునేంత దగ్గరైనప్పుడే ముందుగా గ్రహించి, చుట్టుదారి ఎంచుకోగలుగుతాము.