గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు: ఏడేళ్ళు వాడిన తర్వాత ఒక తల్లి మాట

మా అమ్మాయికి ఏడో ఏట గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం, పద్నాలుగో ఏట ఆపాం. ఇప్పుడు తీరిగ్గా వెనక్కి చూసి చెబుతున్నాను. ఎత్తు పెంచే ఈ హార్మోను లోపం నిజంగా ఉన్న పిల్లలకు ఇది అద్భుతంగా పనిచేసే మందు. ఒంట్లో హార్మోను సరిపడా ఉండి, అమ్మానాన్నల పోలికతో పొట్టిగా ఉన్న పిల్లలను ఇన్నేళ్ళు సూదులు పొడిపించుకోమనడం మాత్రం నాకు సమ్మతం కాదు.

మొదట్లో పాప ఎత్తు 104 సెంటీమీటర్లు. డాక్టరుగారిని కలవరపెట్టింది ఆ అంకె కాదు, అంతకుముందు ఏడాదిలో పాప మూడున్నర సెంటీమీటర్లే పెరగడం. ఆ వయసు పిల్లలు ఏటా 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. బడి యూనిఫాం రెండేళ్ళయినా పొట్టి కాకపోతే, పాదరక్షల సైజు మారకపోతే, పిల్లల డాక్టరు దగ్గర వయసుకు తగ్గ ఎత్తు ఉందో లేదో చూపే గ్రోత్ చార్టు గీయించండి. "మేనత్త పోలిక, తర్వాత పెరుగుతుందిలే" అని పెద్దవాళ్ళు ప్రేమతోనే అంటారు. కానీ ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు మూసుకుపోయాక ఏ మందూ పనిచేయదు.

పరీక్షల దశలో ఓపిక చాలా కావాలి. థైరాయిడ్, సీలియాక్ (గోధుమలు పడని పేగు జబ్బు) వంటివి ముందు చూశారు, ఎందుకంటే అవి కూడా ఎత్తును ఆపేస్తాయి. ఆడపిల్ల కాబట్టి ఒక ఎక్స్ క్రోమోజోము లోపించే టర్నర్ సిండ్రోమ్ ఉందేమోనని క్రోమోజోముల పరీక్ష చేశారు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రేలో ఎముక వయసు, అంటే ఎముకలు ఎదిగిన తీరు, అయిదేళ్ళ పిల్లలదే అని తేలింది. గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకే తీరున రాదు, విడతలు విడతలుగా, ఎక్కువగా నిద్రలో వస్తుంది. అందుకే ఒక్కసారి రక్తం తీసి తేల్చలేరు. పరగడుపున, హార్మోను విడుదలయ్యేలా చేసే క్లోనిడిన్ మాత్ర ఇచ్చి, కొద్దికొద్ది సేపటికి రక్తం తీస్తారు. బి.పి. తగ్గి పిల్లలు మగతగా పడుకుంటారు, పక్కనే ఉండాలి. మరో రోజు గ్లూకగాన్ అనే మందుతో ఇలాంటిదే రెండో పరీక్ష. మిల్లీలీటరు రక్తంలో హార్మోను 10 నానోగ్రాములు దాటితే లోపం లేనట్టే అంటారు, మా పాపకు రెండింట్లోనూ 4 దాటలేదు. తర్వాత ఈ హార్మోనును తయారుచేసే, మెదడు కింద ఉండే పీయూష గ్రంథికి ఎం.ఆర్.ఐ. తీశారు, అందులో తేడా ఏమీ లేదు. ఈ పరీక్షలేవీ చేయకుండా నేరుగా ఇంజెక్షన్ రాసిస్తానంటే మరో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) అభిప్రాయం తీసుకోండి.

మా అత్తగారు "హార్మోను" అనగానే భయపడ్డారు. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. 1985 వరకు దీన్ని చనిపోయినవారి పీయూష గ్రంథుల నుంచి తీసేవారు, దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చింది. అప్పటి నుంచి వాడుతున్నది జన్యు ఇంజనీరింగ్‌తో తయారుచేసిన హార్మోను. అది వివరించాక ఆవిడ కుదుటపడ్డారు, తర్వాత మాకంటే ఆవిడే వేళ తప్పకుండా గుర్తుచేసేవారు.

మోతాదు బరువును బట్టి. కిలోకు రోజుకు 0.03 మిల్లీగ్రాముల లెక్కన 20 కిలోల పాపకు 0.6 మిల్లీగ్రాములు. రోజూ రాత్రి పడుకునే ముందు, చర్మం కిందికి, పెన్నులాంటి ఇంజెక్షన్ సాధనంతో. సూది చాలా సన్ననిది. తొడలు, పొట్ట, పిరుదులు మార్చిమార్చి వేయాలి, ఒకేచోట వేస్తే అక్కడ గుంట పడటమో గట్టిపడటమో జరుగుతుంది. మీట నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి, లేకపోతే చుక్క బయటికి వచ్చేస్తుంది. ఆ లెక్కపెట్టే పని పాపకే అప్పగించాం. పదేళ్ళు వచ్చేసరికి తనే వేసుకోసాగింది.

అసలు కష్టం చల్లదనం. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. కాబట్టి ఫ్రీజర్ కింది అర పనికిరాదు. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవనిచ్చేదాన్ని కాదు. ప్రయాణాల్లో ఐస్ ప్యాకుకు తగలకుండా గుడ్డ చుట్టి పెట్టేవాళ్ళం. ఒకసారి ఒక మందుల దుకాణం పంపిన పెట్టెలో ఐస్ పూర్తిగా కరిగి, మందు వెచ్చబడి వచ్చింది. తిప్పి పంపాం, డబ్బు కోసం చాలాకాలం తిరిగాం. పెట్టె అందుకునేటప్పుడే తెరిచి చూడండి.

ఫలితం చెబుతాను. మొదటి ఏడాది 10 సెంటీమీటర్లు! రెండో ఏడాది ఏడున్నర. తర్వాత ఏటా సగటున ఆరు. ఈ తగ్గుదల సహజమేనని ముందే తెలుసుకుంటే దిగులుండదు. చివరికి 153 దగ్గర ఆగింది. అమ్మానాన్నల ఎత్తుల సగటులోంచి ఆడపిల్లకు 6.5 సెంటీమీటర్లు తీసేస్తే వచ్చేది ఆమె అంచనా ఎత్తు. నాది 152, మావారిది 168, అంటే 153.5. తను చేరవలసిన చోటికి చేరింది. అందరూ ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ పేరు చెబుతారు. చిన్నప్పుడు ఈ వైద్యం పొందిన ఆయన ఎత్తు 170 సెంటీమీటర్లే అని గుర్తుంచుకోవాలి.

ఖర్చు గురించి ఎవరూ ముందు చెప్పని సంగతి: బరువు పెరిగేకొద్దీ మోతాదు, దానితో బిల్లు పెరుగుతాయి. 40 కిలోలకు మందు రెట్టింపు. కొన్నేళ్ళు మా ఇంటి అద్దె కంటే ఇదే ఎక్కువ. అసలు బ్రాండు మందును పోలినట్టు వేరే కంపెనీలు చేసే బయోసిమిలర్లు చవక, వాటి గురించి నిస్సంకోచంగా అడగండి. అమెరికాలో 2021 నుంచి వారానికోసారి వేసే రకాలకు అనుమతి వచ్చింది. రోజూ సూదికి ఏడ్చే పిల్లలున్నవాళ్ళు ఆ సంగతీ అడగవచ్చు.

దుష్ప్రభావాల్లో మాకు ఎదురైంది తొలి వారాల తలనొప్పి. కంటి లోపల నరం వాచిందేమో పరీక్షించి, మోతాదు తగ్గించి మెల్లగా పెంచారు, పోయింది. తుంటి లేదా మోకాలు నొప్పితో పిల్లలు కుంటితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, తొడ ఎముక తల జారే ప్రమాదం ఉంటుంది. వెన్ను వంకర, చక్కెర, థైరాయిడ్ కూడా చూస్తూ ఉండాలి.

ఎముక వయసు పద్నాలుగు దాటి, పెరుగుదల ఏడాదికి 2 సెంటీమీటర్ల లోపుకు పడిపోయాక ఆపేశాం. ఆపాక మళ్ళీ పరీక్ష చేయించమని గట్టిగా చెబుతాను. కొందరికి పెద్దయ్యాక కూడా తక్కువ మోతాదులో హార్మోను అవసరమవుతుంది. ఎం.ఆర్.ఐ.లో తేడా లేని పిల్లల్లో చాలామందికి మాత్రం అప్పటికి సొంతంగా సరిపడా వస్తుంది. మా పాపకూ వస్తోంది.