పర్లాకిమిడిలో ఒక పిల్లల క్లినిక్: ముఖం మీద హిమాంజియోమాకు వైద్యం

ఒడిశాలోని పర్లాకిమిడి బజారు వెనుక వీధిలో ఉన్న ఈ చిన్న క్లినిక్‌ను మెచ్చుకోవడానికి ప్రధాన కారణం, ఇక్కడి డాక్టరు గారు మందు రాయడానికి తొందరపడకపోవడమే. మా చెల్లెలి పాపకు పుట్టిన కొద్ది వారాల్లోనే నుదుటి నుంచి ఎడమ కనురెప్ప మీదుగా చెంప దాకా హిమాంజియోమా, అంటే రక్తనాళాలు అతిగా పెరిగి ఏర్పడే మచ్చ, ఎర్రగా, ఉబ్బెత్తుగా పాకింది. ఆయన టేపుతో కొలిచి, ముఖం మీద 5 సెంటీమీటర్లు దాటిన మచ్చ ఉంటే ఫేస్ సిండ్రోమ్‌ను అనుమానించాలని, అంటే మెదడు వెనుక భాగంలో, తలకూ మెడకూ వెళ్లే ధమనుల్లో, గుండెలో, కళ్లలో పుట్టుకతోనే లోపాలు ఉండవచ్చునని తెలుగులోనే ఓపికగా వివరించి, ఎకో (గుండె స్కాన్), ఎంఆర్ఐ, కంటి పరీక్షల కోసం విశాఖపట్నం పంపారు.

వైద్యం అవసరమైన హిమాంజియోమాలకు, 2008లో ఫ్రాన్సు వైద్యులు ప్రకటించిన ప్రొప్రనొలాల్ అనే నోటి మందు చికిత్సే నేడు మొదటి ఎంపిక. సాధారణ మోతాదు కిలో బరువుకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు; ధమనులు సన్నబడిన పిల్లలకు మెదడుకు రక్తం తగ్గే ప్రమాదం ఉన్నందున, స్కాన్ చూశాకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. నర్సమ్మ సిరంజి మీద గీత చూపించి, పాలు పట్టాకే మందు వేయాలని, పాప పాలు తాగకపోయినా వాంతులైనా ఆ పూట ఆపాలని, లేదంటే రక్తంలో చక్కెర పడిపోతుందని చెప్పి, మా చెల్లెలి చేత మళ్లీ చెప్పించుకుంది. ఈ శ్రద్ధ పెద్ద ఆసుపత్రుల్లో కూడా అరుదే.

వెయిటింగ్ గది మాత్రం ఇరుకు, ఉక్కపోత. బరువు పెరిగినకొద్దీ మోతాదు మార్పించుకోవాలి కనుక, టోకెన్ పొద్దున్నే తీసుకోవడం మేలు.