'అన్ని గ్యాసులూ లాగేస్తుంది' అన్న పౌడర్: వాసన పోలేదు, డబ్బులు పోయాయి

రేటింగ్ ఐదుకి రెండు. ఆ రెండూ ఎందుకిచ్చానో కింద చెప్తాను. కంపెనీ పేరు రాయడం లేదు. రొయ్యల చెరువుల్లో చల్లే ఇలాంటి బస్తాల్లో చాలావాటి మీద బొమ్మలు వేరు గానీ లోపల ఉండేది జియోలైట్ (ఒక రకం ఖనిజపు పొడి), కాస్త యుక్కా (ఒక మొక్క సారం), అంతే. నేను కొన్నదీ అదే.

మాది ఉప్పుటేరు గట్టున రెండెకరాల వనామి రొయ్యల చెరువు. పిల్ల వదిలిన 70వ రోజు దాకా బానే నడిచింది. తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది, నీళ్ల రంగు ఒక్కసారిగా తేలిపోయింది, చెక్ ట్రేల్లో (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లేలు) మేత మిగలడం మొదలైంది. నాలుగో రోజు పొద్దున్నే ట్రే పైకి లాగితే అడుగున నల్లటి జిగురు, కుళ్లిన కోడిగుడ్డు వాసన, నాలుగైదు చచ్చిన రొయ్యలు. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూస్తే 4 పైనే ఉంది, అయినా గట్టు పక్కన రొయ్య నీరసంగా తిరుగుతోంది. టెన్షన్‌తో డీలర్ దగ్గరికి పరిగెత్తితే, "బాటమ్ గ్యాస్ అండి, ఎకరానికి 20 కేజీలు చల్లండి, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ అన్నీ లాగేస్తుంది" అని మూడు దఫాలకి సరిపడా ఆరు బస్తాలు ఎక్కించేశాడు.

రెండు దఫాలు చల్లాం. కిట్ పెట్టి చూస్తే అమ్మోనియా కొంచెం తగ్గిన మాట నిజం, ఆ రెండు మార్కులు అందుకే. వాసన మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు, ట్రేలో చచ్చిన రొయ్యలు రావడమూ ఆగలేదు.

తప్పు నాది కూడా. ఆ వాసన ఎక్కణ్ణుంచి పుడుతోందో ముందే కనుక్కుని ఉంటే బస్తా ముట్టుకునేవాణ్ణి కాదు. మిగిలిన మేత, పెంట, చచ్చిన ప్లాంక్టన్ అన్నీ అడుక్కి చేరతాయి కదా, అక్కడ మట్టి పైపొరలో కొన్ని మిల్లీమీటర్ల వరకే ఆక్సిజన్ ఉంటుంది. దాని కింద ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఆక్సిజన్ లేకుండానే, నీళ్లలో ఉన్న సల్ఫేట్‌ని వాడుకుని ఈ చెత్తంతా తింటుంది, తిని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు, 1895లోనే బైయెరింక్ అనే డచ్ శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది, మంచినీళ్లలో మామూలుగా అందులో చిన్న వంతే ఉంటుంది. అందుకే బొచ్చె, శీలావతి పెంచే చెరువుల అడుగు బురద ఎక్కువగా మీథేన్ బుడగలు వదులుతుంది, మన ఉప్పునీళ్ల చెరువులకి ఈ గుడ్డు వాసన పడుతుంది.

ఇక జియోలైట్ చేసే పని ఏంటంటే, పాజిటివ్ చార్జి ఉన్నవాటిని పట్టుకుని తన దగ్గరున్న సోడియం లాంటివి వదలడం. అమ్మోనియం అలాంటిదే కాబట్టి దొరుకుతుంది. సల్ఫైడ్‌కి అయితే చార్జి ఉండదు, ఉంటే నెగటివ్ ఉంటుంది, దాన్ని జియోలైట్ ఏం పట్టుకుంటుంది? పైగా ఉప్పునీళ్లలో సోడియం బోలెడు ఉంటుంది కాబట్టి అమ్మోనియం దగ్గర కూడా దీని పస సగం చచ్చిపోతుంది. బస్తా మీద ఈ ముక్క ఎక్కడా లేదు.

డీవో ఉన్నా రొయ్య ఎందుకు చచ్చింది అని చాలామంది అడిగారు. ఈ గ్యాస్ ఒంట్లోకి వెళ్తే కణాలు ఆక్సిజన్‌ని వాడుకోలేవు, నీళ్లలో ఎంతున్నా లాభం లేదు. మా చెరువులో ముసురుకి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) కూడా పడిపోయింది. పీహెచ్ 7 దగ్గర సల్ఫైడ్‌లో దాదాపు సగం విషపు గ్యాస్ రూపంలోనే ఉంటుంది, 8 దగ్గర పదో వంతుకి దిగుతుంది. అలాగని పీహెచ్ పెంచుదామని సున్నం గుడ్డిగా కొట్టేయకండి, అమ్మోనియా సంగతి దీనికి తలకిందులు, పీహెచ్ పెరిగేకొద్దీ అదే చంపుతుంది.

ఇంకో వెధవ పని కూడా చేశాను, గ్యాస్ పోతుందని 74వ రోజు అడుగు మట్టి కదిలేలా చెరువులో గొలుసు లాగించాను. మొదటి నుంచీ లాగుతూ వస్తే వేరు, అన్నాళ్లు పేరుకున్నదాన్ని ఒక్కసారి కెలికితే అడుగునున్న విషం అంతా పైకొచ్చింది, ఆ రాత్రి పోయినంత రొయ్య ఎప్పుడూ పోలేదు. నల్లమట్టి కనిపించగానే భయపడక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది, మట్టిలో ఇనుము సల్ఫైడ్‌ని పట్టి కట్టేస్తేనే ఆ నలుపు వస్తుంది. ఆ ఇనుము పట్టుకోలేనంత గ్యాస్ పుట్టినప్పుడే ముప్పు, అప్పుడు వాసన కొడుతుంది.

పనిచేసినవి మూడు. మేత సగానికి కోశాం, బురద పోగుపడిన మూల వైపు రెండు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) జరిపాం, మోటారుతో అడుగు నీళ్లు, బురద కొంచెం కొంచెంగా లాగించాం. ఐదారు రోజులకి వాసన సద్దుమణిగింది. 95వ రోజు పట్టేశాం, లాభం సంగతి అడక్కండి. ఆ బస్తాల డబ్బుతో ఇంకో ఏరేటర్‌కి అడ్వాన్స్ ఇచ్చి ఉండాల్సింది.

పట్టుబడి అయ్యాక చెరువుని నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టాం, గాలి తగిలిన నలుపంతా గోధుమ రంగుకి తిరిగింది. మడ అడవి కొట్టి చేసిన చెరువులవాళ్లు మాత్రం జాగ్రత్త, ఆ నేలలో ఇవే బ్యాక్టీరియా ఎప్పుడో దాచిన సల్ఫైడ్ ఎండితే యాసిడ్ అవుతుంది, మట్టి పీహెచ్ చూసుకుని సున్నం వేసుకోండి. బురద గుంటలోకి మనిషిని దింపకండి, గ్యాస్ ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు.

మిగిలిన రెండు బస్తాలు డీలర్ వెనక్కి తీసుకోనన్నాడు. మా బావమరిది చేపపిల్లల తొట్లకని పట్టుకెళ్లాడు, అక్కడ మంచినీళ్లు, బాధంతా అమ్మోనియాదే, ఆయనకైతే పనికొస్తుంది.