పొలం వదిలినవారికి ఏది మేలు: కర్మాగారమా, సేవారంగమా?

ఆదాయం పెరిగేకొద్దీ కుటుంబ ఖర్చులో తిండికి పోయే వాటా తగ్గుతుంది; యంత్రాలు, మేలురకం విత్తనాలు వచ్చేకొద్దీ అదే పంటను తక్కువ మంది పండించగలుగుతారు. అందుకే వర్ధమాన దేశాల్లో జనం సాగు నుంచి బయటికి వస్తూనే ఉంటారు. వారు ఎక్కడికి చేరుతున్నారన్నదే అసలు ప్రశ్న.

వ్యవసాయంలో అవసరానికి మించి ఉన్న శ్రామికులు ఆధునిక రంగానికి తరలడమే అభివృద్ధికి ఇరుసు అని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో వివరించారు. దక్షిణ కొరియా ఆ దారిలోనే నడిచింది: 1960ల తొలినాళ్లలో అక్కడి శ్రామికుల్లో 60 శాతం దాకా సాగులో ఉండగా, నేడు ఆ వాటా సుమారు 5 శాతం. పెద్ద చదువు లేని మనిషి కూడా కొద్ది వారాల శిక్షణతో, యంత్రం తోడుగా, పొలంలో కంటే ఎంతో ఎక్కువ విలువ సృష్టించగలగడం కర్మాగారంలోని గొప్పతనం. పైగా సరుకు ఎగుమతి అవుతుంది కనుక స్వదేశంలో కొనేవారు తక్కువైనా పని ఆగదు. బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమ దాదాపు 40 లక్షల మందికి ఉపాధినిచ్చింది, వారిలో అధికులు మహిళలు. 2013లో అక్కడ దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించిన సంగతిని మాత్రం ఈ లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు.

సేవారంగం ఒకే రంగం కాదు. సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్ వంటివి మంచి జీతాలిస్తాయి గానీ పట్టభద్రులనే పిలుస్తాయి. చిల్లర వ్యాపారం, ఇంటిపని, సరుకు చేరవేత అందరినీ చేర్చుకుంటాయి గానీ వాటిలో చాలావరకు రాబడి ఏళ్లు గడిచినా పెద్దగా పెరగదు. భారతదేశంలో సాఫ్ట్‌వేర్ ఎగుమతులు ఎంత పెరిగినా, 2023-24లో కూడా శ్రామికుల్లో సుమారు 46 శాతం వ్యవసాయంలోనే ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణమని నేను భావిస్తాను.

కాబట్టి తక్కువ చదువుతో పొలం వదిలేవారికి, భద్రత ఉన్న కర్మాగారమే మేలు. అయితే ఆ తలుపు ఇరుకవుతోంది: ఆలస్యంగా బయలుదేరిన దేశాల్లో పరిశ్రమల ఉపాధి మునుపటి కంటే తక్కువ ఆదాయ స్థాయిలోనే శిఖరానికి చేరి తగ్గుముఖం పడుతోందని ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ చూపారు. అది దొరకని చోట నర్సింగ్, శిశుసంరక్షణ, యంత్రాల మరమ్మతు వంటి పనులకు శిక్షణ ఇవ్వడం మీద ప్రభుత్వాలు డబ్బు పెట్టాలి. డిగ్రీ లేకుండానే నేర్చుకోగల నైపుణ్యం వాటిలో చాలా ఉంది, అనుభవంతో పాటు వేతనమూ పెరిగే అవకాశముంది.