జాగ్రత్త: 'దోమల సీజన్ బిజినెస్' ప్యాకేజీలో నాకిచ్చిన లైసెన్సు అసలు లైసెన్సే కాదు

వానలు పడటం మొదలవగానే ఫోన్లలో ఒక వీడియో తిరుగుతుంది. యూనిఫాం వేసుకున్న కుర్రాడు పొగ గొట్టం భుజాన వేసుకుని వీధిలో నడుస్తుంటాడు. వెనక నుంచి గొంతు: "జూన్ నుంచి నవంబరు దాకా పని, ఏడాదంతా తిండి!" కిందటేడు ఆ వీడియో చూసి నేనూ మా బావమరిదీ కలిసి 1,85,000 కట్టాం. అందులో లక్ష మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు, కేసు నడుస్తోంది. అయినా పేరుతో పనేముంది, ఏటా మార్చేస్తారు. వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు.

ప్యాకేజీ అంటే ఒక ఫాగింగ్ మెషిన్, 20 లీటర్ల మందు, ఒకరోజు ట్రైనింగ్, 'గవర్నమెంట్ లైసెన్సు', హైదరాబాద్‌లో నాగోలు వైపు మాకు మాత్రమే 'ఏరియా హక్కు', నెలకు పది అపార్ట్‌మెంట్ల ఆర్డర్లు గ్యారంటీ.

ముందు లైసెన్సు సంగతి చెబుతాను. మిగతాదంతా డబ్బు నష్టం, ఇది మాత్రం మెడకు చుట్టుకునేది. దీనికని విడిగా 18 వేలు తీసుకున్నారు. పది రోజులకు వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. పైన మూడు సింహాలు, పక్కన క్యూఆర్ కోడ్, మధ్యలో నా పేరు. లామినేషన్ చేయించి బండికి తగిలించుకున్నాను కూడా. మూడో ఆర్డరు ఒక పాత అపార్ట్‌మెంట్. అక్కడి సెక్రటరీ వ్యవసాయ శాఖలో రిటైరైన పెద్దాయన. మెషిన్ స్టార్ట్ చేయకముందే "లైసెన్సు చూపించు బాబూ" అన్నారు. చూపించాను. కళ్లజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివి, "ఇది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. దీనికి నువ్వెంత కట్టావు?" అన్నారు. చెప్పాను. ఆయన నవ్వలేదు, అది ఇంకా బాధగా అనిపించింది.

ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాల కోసం కేంద్రం ఆన్‌లైన్‌లో ఇచ్చే నమోదు. ఆధార్, పాన్ ఉంటే ఎవరిది వాళ్లే చేసుకోవచ్చు, ఫీజు ఒక్క రూపాయి లేదు. మందు కొట్టడానికీ దానికీ సంబంధం లేదు. డబ్బు తీసుకుని ఇంకొకరి ఇంట్లో పురుగుమందు కొట్టాలంటే 1968 నాటి ఇన్సెక్టిసైడ్స్ చట్టం, దాని కింద 1971లో వచ్చిన రూల్స్ ప్రకారం లైసెన్సు కావాలి. దాన్ని రాష్ట్రంలోని లైసెన్సింగ్ అధికారి ఇస్తారు. చదువు కూడా చూస్తారు. అగ్రికల్చర్ డిగ్రీ అయినా ఉండాలి, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ అయినా ఉండాలి. దానిపైన గుర్తింపు ఉన్న సంస్థలో కనీసం 15 రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్. ఆ ట్రైనింగ్ ఇచ్చే చోటు మా ఇంటి నుంచి సిటీకి అవతలి కొసన, రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఎన్‌ఐపీహెచ్‌ఎం అనే కేంద్ర ప్రభుత్వ మొక్కల ఆరోగ్య సంస్థ. నాది బీకాం. అంటే ఆ కంపెనీ నన్ను అడగాల్సిన మొదటి ప్రశ్న "నువ్వేం చదివావు" అని. వాళ్లు అడిగింది "గూగుల్ పేనా, ఫోన్ పేనా" అని.

మందు డబ్బాల మీద 'హెర్బల్' అని ఒక స్టిక్కర్, అంతే. మామూలు పురుగుమందు డబ్బా మీద ఏముంటుందో మీకు తెలుసు: అందులో ఉన్న మందు పేరు, ఎంత శాతం, రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, విషం తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక రంగు గుర్తు. ఇవేవీ లేవు. హెర్బలే కదా అని ఒక ఇంటి ముందు తామర తొట్టి మీద ఏమీ కప్పకుండా పొగ కొట్టాం. తెల్లారేసరికి గప్పీ చేపలన్నీ తేలాయి. అందులో ఉన్నది పైరెథ్రాయిడ్ జాతి మందేదో అయి ఉంటుంది, అవి చేపలకు పరమ విషం. దోమ లార్వాను తినే చేపలనే చంపి, దోమల పని అని డబ్బులు అడిగాను! ఆ ఇంటావిడకు నేనే ఎదురు డబ్బులిచ్చి వచ్చాను.

మెషిన్ విషయానికొస్తే, అదే మోడల్ రాణిగంజ్‌లో 38 వేలకు దొరుకుతోంది. మాకు 95 వేలు వేశారు. సరే, దాన్నైనా ఎలా వాడాలో నేర్పారా? ఆపేటప్పుడు ముందు మందు ట్యాప్ కట్టేసి, పొగ పూర్తిగా ఆగాకే ఇంజన్ ఆపాలి. ఆ ఒక్క ముక్క చెప్పలేదు. మేం ఇంజన్ ముందు ఆపాం. గొట్టం మూతి నుంచి భగ్గుమని మంట వచ్చింది. మా బావమరిది కనుబొమలు కాలాయి, పెళ్లిచూపులు రెండు నెలలు వాయిదా పడ్డాయి. రాణిగంజ్ మెకానిక్ అది విని, "ఇంకా నయం, తలుపులు మూసిన రూంలో ఆపలేదు" అన్నాడు.

ఇక 'ఏరియా హక్కు'. రెండో వారానికే మా వెనక వీధిలో అదే యూనిఫాం, అదే మెషిన్‌తో ఇంకొకతను కనిపించాడు. ఆయనకూ నాగోలే రాసిచ్చారట. గ్యారంటీ ఆర్డర్లంటే పది ఫోన్ నంబర్లు పంపారు, ఒకటి మా పెద్దమ్మ కొడుకుది.

ఇంతకంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది ఒకటుంది. కంపెనీ మోసం చేయకపోయినా ఈ పొగ వ్యాపారం ఒక్కటే నిలబడదు. పొగ ఆ సమయానికి ఎగురుతున్న దోమకు మాత్రమే తగులుతుంది. నీళ్లలో ఉన్న లార్వాకు ఏమీ కాదు, వారం పది రోజుల్లో మళ్లీ దోమలు తయారు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, మేమేమో అందరూ ఇంటికి వచ్చే టైమని రాత్రి ఎనిమిదికి పొగ కొట్టేవాళ్లం. ఒక వాచ్‌మన్ మొహం మీదే అన్నాడు: "అన్నా, ఎందుకు ఆగమైతవ్, గా సంప్ మూత పలిగింది, టెర్రస్ మీద పాత టైర్లున్నయి, గవి తీపియ్యరాదూ?" ఆయన మాటే నిజం. మూడో రోజుకే కస్టమర్లు ఫోన్ చేసి తిట్టడం మొదలుపెట్టారు. నవంబరుతో సీజన్ అయిపోతుందన్నది కూడా అబద్ధమే. మూసీ పక్కన ఉన్నవాళ్లనడగండి, మురికినీటి క్యూలెక్స్ దోమ ఫిబ్రవరి, మార్చిలోనే నిద్ర లేకుండా చేస్తుంది.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు చూసుకోమన్నారు. చూశాం. మెషిన్ అని ఎక్కడా లేదు, మొత్తం 'కన్సల్టెన్సీ ఫీజు, తిరిగి ఇవ్వబడదు' అని ఉంది. జీఎస్టీ నంబరు లేదు. డబ్బు వెళ్లింది ఒక మనిషి సొంత ఖాతాకు. కట్టే రోజు ఈ మూడూ మా కళ్ల ముందే ఉన్నాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. కంపెనీ నుంచి వచ్చిన జవాబు: "మీరు వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారులు కారు." చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు, మేమూ తగ్గేవాళ్లమే. తెలిసిన వకీలుగారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తీసి చూపించారు. సొంతంగా పని చేసుకుని బతకడానికే కొన్నదాన్ని వ్యాపార అవసరం కింద లెక్కవేయకూడదని అందులో వివరణ ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మనం కట్టిన డబ్బు ఐదు లక్షల దాకా అయితే కేసు వేయడానికి ఫీజు కూడా లేదు. రెండేళ్లలోపు వేయాలి. మేం వేశాం, రెండు వాయిదాలు అయ్యాయి, అవతలివాళ్లు ఒక్కదానికీ రాలేదు.

మా బావమరిది బీఎస్సీలో కెమిస్ట్రీ ఉంది. రాజేంద్రనగర్ ట్రైనింగ్‌కు అప్లై చేశాడు. మెషిన్ మెట్ల కింద ఉంది, మందు డబ్బాలు కేసులో సాక్ష్యమని పారబోయకుండా ఉంచాం.

మొన్న ఆదివారం అదే వీడియో మళ్లీ వచ్చింది. కుర్రాడు అతనే, కంపెనీ పేరు కొత్తది. కింద "మీ ఏరియాలో ఇంకా 3 సీట్లే" అని ఉంది. ఈ ఏడాది ప్యాకేజీ 2,10,000.