అమలాపురంలో డిగ్రీ ఫిజిక్స్ ట్యూషన్: ఆర్నెల్లు వెళ్లొచ్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, వచ్చే నెల్లో పరీక్ష పెట్టుకుని ఎలాగోలా గట్టెక్కేద్దామని వెళ్లేవాళ్లకి ఈ ట్యూషన్ పనికిరాదు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పరు, నోట్సు ఇవ్వరు, గైడు తెరిస్తే ఊరుకోరు. డిగ్రీ ఫస్టియర్ ఫిజిక్స్ మొదటి నుంచీ, అంటే ఇంటర్లో మనం బట్టీ కొట్టి మర్చిపోయింది కూడా కలిపి, బుర్రకి ఎక్కేలా కావాలంటే మాత్రం కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో చివర్లో చెప్తాను.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేనిక్కడే ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇంటర్ బైపీసీ, తర్వాత డీఎంఎల్టీ అనే ల్యాబ్ డిప్లొమా, తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు. ముప్పై ఆరేళ్లొచ్చాక దూరవిద్యలో డిగ్రీ కట్టాను. కెమిస్ట్రీ, జువాలజీ అయితే ఎలాగో లాగించేస్తాను గానీ ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే చాలు నిద్రొచ్చేది, నిద్ర రాకపోతే ఏడుపొచ్చేది. మా సెంటర్లో రక్తం తీసే అబ్బాయి చెప్తే ఇక్కడికి వెళ్లాను. కాలవ గట్టు పక్కన పాత డాబా, మేడ మీద ఒకటే గది, రిటైరైన లెక్చరర్ మాస్టారు ఒక్కరే. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది అంటారు, ఎనిమిదిన్నరకి గానీ వదలరు. ఆదివారం నాలుగింటికి. నెలకి తొమ్మిది వందలు, మొదటి వారం ఫ్రీ, నచ్చితేనే కట్టమంటారు.

మొదటి రోజు బోర్డు మీద ఒక్క ముక్క రాయలేదు. కిటికీ ఊచకి పురికొస కట్టి, దాని చివర ఇత్తడి తాళంకప్ప వేలాడదీసి, టేపుతో మీటరు కొలిచి, "ఇరవై ఊగులకి ఎంత టైము పడుతుందో ఫోన్లో చూడండి, దాన్నుంచి జి, అంటే గురుత్వ త్వరణం, కట్టండి" అన్నారు. సింపుల్ పెండ్యులం, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో అందరం చేసిందే. చేసింది అంటే, రికార్డులో ముందు 9.8 వేసేసి, దానికి సరిపోయేలా రీడింగులు వెనక్కి రాసుకున్నాం, అదీ చేయడం. ఆ రోజు నాకు 38.1 సెకన్లు వచ్చింది. లెక్క కడితే జి 10.88. నేను బుద్ధిగా కొట్టేసి 9.8 రాసుకున్నాను. ఆయన పుస్తకం తీసుకుని కొట్టేసిన చోట వేలు పెట్టి, "ఏమ్మా, పేషెంటుకి సుగరు 240 వస్తే నువ్వు 110 అని రాసిస్తావా?" అన్నారు.

గదిలో పద్నాలుగు మంది ఉన్నారు, నాకంటే అందరూ చిన్నవాళ్లే. ఆ మాటకి నాకు చెమటలు పట్టేశాయి గానీ కోపం రాలేదు. నిజమే కదా మరి. మళ్లీ ఊపించారు. ఈసారి నేను లెక్కపెడుతుంటే ఆపారు. తాళంకప్పని వదిలినప్పుడే నేను "ఒకటి" అంటున్నాను. "సున్నా" అనాలి. పంతొమ్మిది ఊగుల్నే ఇరవై అనుకున్నానన్నమాట. సరిచేసుకుంటే 40.2 సెకన్లు, జి 9.77. వేలు నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అయినా జి లో 0.1 తేడా వస్తుంది, కాబట్టి 9.77 ప్లస్ ఆర్ మైనస్ 0.1 అని రాయాలట. మన అక్షాంశం దగ్గర అసలు విలువ సుమారు 9.78. పురికొసతో, తాళంకప్పతో అంత దగ్గరికి వెళ్లామంటే ఆ రాత్రి ఇంటికెళ్లి మావారికి కూడా చూపించాను, ఆయన సీరియల్ చూస్తూ ఊఁ కొట్టారు.

ఆ తర్వాత ఇలాగే. కొబ్బరికాయ లెక్క ఒకటి చేయించారు. పదిహేను మీటర్ల చెట్టు మీంచి కాయ రాలితే కిందికి రావడానికి సెకనూ ముప్పావు, నేలని తాకేటప్పటికి గంటకి అరవై కిలోమీటర్ల పైన వేగం. మా చుట్టాల్లో ఒకాయనకి భుజం మీద పడి ఎముక విరిగింది, అప్పట్లో అంత దెబ్బా అనుకున్నాం. సఖినేటిపల్లి పంటు, అంటే బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ, దాని మీద లారీ ఎక్కితే పంటు ఎందుకు అంతే దిగుతుందో, అదే పంటు ఉప్పునీళ్లలో అయితే ఎందుకు కొంచెం తక్కువ దిగుతుందో చెప్పారు. రొయ్యల చెరువులున్న కుర్రాళ్లకి సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పెంతుందో, కొలవడం తెలుసు గనక వాళ్లకి సాంద్రత వెంటనే ఎక్కేసింది.

నాకు ఎక్కింది మాత్రం సెంట్రిఫ్యూజ్, రక్తం గొట్టాల్ని గిర్రున తిప్పేది. పదమూడేళ్లుగా రోజూ తిప్పుతున్నాను ఆ మిషన్ని. నిమిషానికి మూడు వేల చుట్లు, పది నిమిషాలు, సీరం పైకి తేరుతుంది, అంతే నాకు తెలిసింది. వృత్తాకార చలనం చెప్పే రోజున మాస్టారు నన్నే లేపి, రోటరు మధ్యనుంచి గొట్టం అడుగుదాకా ఎంత ఉంటుందని అడిగారు. మర్నాడు స్కేలు పెట్టి కొలుచుకెళ్లాను, పదిహేను సెంటీమీటర్లు. నా చేతే బోర్డు మీద కట్టించారు. త్వరణం సుమారు 14,800 మీ/సె², అంటే గురుత్వానికి పదిహేను వందల రెట్లు! ఇంకో సంగతి, రక్తకణాల్ని ఎవరో బయటికి తోస్తున్నారని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎవరూ తొయ్యట్లేదు. అవి తిన్నగా పోదామని చూస్తుంటాయి, గొట్టమే తిరిగి వాటి దారికి అడ్డొస్తుంటుంది, బరువైనవి అడుక్కి చేరతాయి. ఇప్పుడు మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ ఇదే గుర్తొస్తుంది, పక్కన కొత్తగా చేరిన అమ్మాయికి చెప్తే నా వంక జాలిగా చూస్తుంది.

ఇక ఆదివారాల సంగతి. దీని గురించి ఊళ్లో రకరకాలుగా అనుకుంటున్నారు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ఆదివారం చివరి అరగంట ఎవరైనా ఏదైనా అడగొచ్చు, సిలబస్ అక్కర్లేదు. మాస్టారి ఊతపదం ఒకటే, "ఎలా తెలిసింది?"

మా బ్యాచ్‌లో పాస్టరు గారి అబ్బాయి ఉన్నాడు. ఒకరోజు ఫోన్లో వచ్చిన మెసేజ్ చదివాడు. యూదులు మగబిడ్డకి ఎనిమిదో రోజున సున్నతి చేస్తారు కదా, ఆదికాండం 17లో ఉంది, యేసుకీ అలాగే చేశారని లూకాలో ఉంది. ఎందుకు ఎనిమిదో రోజంటే, ఆ రోజున రక్తం గడ్డకట్టించే ప్రోత్రాంబిన్ 110 శాతం ఉంటుందట, జీవితం మొత్తంలో ఆ ఒక్కరోజే వంద దాటుతుందట, సైన్సు ఇప్పుడు కనుక్కుందట. అందరూ ఆహా అన్నారు. మాస్టారు నా వైపు తిరిగి, "నువ్వు చేసేది అదే టెస్టు కదమ్మా" అన్నారు.

ఆయ్, అదే, ప్రోత్రాంబిన్ టైము, మేం పీటీ అంటాం. నీలం మూత గొట్టంలో రక్తం తీసి, తిప్పి, ప్లాస్మా వేరుచేసి, 37 డిగ్రీల దగ్గర రీఏజెంట్ కలిపి ఎన్ని సెకన్లకి గడ్డ కడుతుందో చూస్తాం. పెద్దవాళ్లకి పదకొండు నుంచి పదమూడు సెకన్లు, అటూ ఇటూగా. పుట్టిన పిల్లల్లో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తక్కువ ఉంటుంది, అందుకే పుట్టగానే తొడకి ఇంజెక్షన్ వేస్తారు, మా పిల్లలిద్దరికీ వేశారు. గడ్డకట్టే ఫ్యాక్టర్లు పెద్దవాళ్ల స్థాయికి రావడానికి నెలలు పడుతుంది. ఎనిమిదో రోజున శిఖరం ఎక్కి దిగిపోవడమేంటో నాకర్థం కాలేదు, అదే చెప్పాను. అప్పుడు మాస్టారు అడిగారు, ఎంతమంది బిడ్డల్ని కొలిచారు, ఏ పద్ధతిలో, తొమ్మిదో రోజున కొలిచారా, పదో రోజున కొలిచారా, ప్లస్ ఆర్ మైనస్ ఎంత?

కుర్రాడి మొహం ఎర్రబడింది. "అంటే బైబిల్ తప్పంటారా మాస్టారూ?"

"ఆదికాండంలో ప్రోత్రాంబిన్ ఎక్కడుందిరా? అక్కడున్నది దేవుడితో చేసుకున్న నిబంధన. 110 శాతం అన్నది నీ ఫోన్లో ఉంది."

పై వారం మాస్టారు కాగితాల మీద రాసుకుని మరీ వచ్చారు. యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం తల్ముదులో ఒక ముచ్చట ఉందట. గలిలయలోని సెప్పోరిస్ అనే ఊళ్లో నలుగురు అక్కచెల్లెళ్లు. పెద్దామె కొడుక్కి సున్నతి చేయిస్తే చనిపోయాడు, రెండో ఆమె కొడుకూ అంతే, మూడో ఆమె కొడుకూ అంతే. నాలుగో ఆమె గురువు దగ్గరికి వెళ్తే, వద్దు, చేయించకు అన్నాడు. వరసగా బిడ్డలు అలా పోతే తర్వాతి బిడ్డకి చేయించకూడదన్నది నియమం. 12వ శతాబ్దంలో మైమోనిడిస్, ఆయన యూదు పండితుడే కాదు వైద్యుడు కూడా, తండ్రులు వేరైనా తల్లి ఒక్కతే అయితే ఈ నియమం వర్తిస్తుందని రాశాడు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇది హీమోఫిలియా, రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు! తల్లి వైపు నుంచి కొడుక్కి వచ్చేది, అక్కచెల్లెళ్ల బిడ్డల్లోనూ కనిపించగలిగేది. క్రోమోజోమ్ మాటే తెలియని రోజుల్లో, చచ్చిపోయిన పిల్లల్ని చూసి పట్టుకున్నారు. ఇంకోటి, హీమోఫిలియాలో పీటీ మామూలుగానే వస్తుంది, ఏపీటీటీ అనే ఇంకో గడ్డకట్టే టెస్టులో టైము పెరుగుతుంది. అంటే ప్రోత్రాంబిన్ నూటపది కాదు, రెండొందలున్నా ఆ పిల్లలకి ఒరిగేదేం లేదు. ఈ మాట నేను అంటే మాస్టారు చాక్‌పీసు నా చేతికిచ్చి ఆయన వెళ్లి బెంచీలో కూర్చున్నారు. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు, నిజం చెప్తున్నా.

తర్వాత మాట అసలు సున్నతి చేయాలా వద్దా అన్న దాని మీదకి వెళ్లింది. ఈ ప్రశ్న బయటివాళ్లు వేసిందే కాదు, యూదులూ వేశారట. మైమోనిడిసే దీన్ని ఆరోగ్యం కోసమనలేదు, కోరిక తగ్గించడానికని రాశాడు. జర్మనీలో యూదు సంస్కరణవాది అబ్రహాం గైగర్ 1845లో ఒక ఉత్తరంలో దీన్ని అనాగరికమైన నెత్తుటి పనిగా తీసిపారేశాడు, కానీ బహిరంగంగా పోరాటానికి దిగలేదు. యూదులకి సొంత దేశం కావాలన్న జియోనిస్టు నాయకుడు థియోడర్ హెర్జ్‌ల్ 1891లో పుట్టిన కొడుక్కి చేయించలేదు. 2012లో కొలోన్ కోర్టు ఇది బిడ్డ శరీరానికి గాయమేనని తీర్పిస్తే, అదే ఏడాది డిసెంబరులో జర్మనీ పార్లమెంటు దీన్ని అనుమతిస్తూ చట్టం చేసింది. ఇప్పుడు కొందరు యూదు తల్లిదండ్రులు కత్తి లేకుండా పేరు పెట్టే వేడుక మాత్రమే చేసుకుంటున్నారు. ఎక్కువమంది చేయిస్తూనే ఉన్నారు.

మా బ్యాచ్‌లో ఇంకో అబ్బాయి, ముస్లిములు, వాళ్ల తమ్ముడికి మొన్న వేసవిలోనే ఒడుగులు, అంటే సున్నతి, చేశారు, "మాకు ఎనిమిదో రోజనే లెక్క లేదండి, వాడు రెండు రోజులు ఏడ్చి మూడో రోజు కొత్త సైకిలెక్కేశాడు" అన్నాడు, అందరం నవ్వాం. ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. బిడ్డని అడగకుండా చేసేది మన ఇంట్లో లేదా, పదకొండో నెలలో చెవులు కుట్టించేటప్పుడు ఎవరిని అడిగాం అంది. నేను మా పాపని గుర్తుచేసుకుని నోరు మూసుకున్నాను. మాస్టారు దేనికీ తీర్పు చెప్పలేదు, టైమయిందని లేచిపోయారు. నా మట్టుకు నాకు, మళ్లీ అతికించలేని పని చేసేముందు ఆ మనిషికి నోరొచ్చేదాకా ఆగొచ్చు కదా అనిపిస్తుంది. కానీ క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో యూదుల్ని ఏలిన గ్రీకు రాజు ఆంటియోకస్ సున్నతిని నిషేధించి, చేయించిన తల్లుల్ని చంపించాడని ఆనాటి యూదుల చరిత్ర చెప్పే మక్కబీయుల గ్రంథంలో ఉందట. అంత నెత్తురు చూసి కూడా వదలని వాళ్లకి అమలాపురంలో కూర్చుని నేను చెప్పేదేముంది? ఈ రెండూ నాలో ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఈ ఆదివారాల వల్ల ఇద్దరు పిల్లల్ని ఇంట్లోవాళ్లు మాన్పించేశారు. ఫిజిక్స్‌కి డబ్బు కడితే ఈ గొడవలేంటని. వాళ్ల కోపంలో సగం న్యాయం ఉంది, ఎందుకంటే సిలబస్ నిజంగానే అవ్వలేదు. మెకానిక్స్ దగ్గరే రెండున్నర నెలలు కూర్చున్నాం. తరంగాలు బాగా చెప్పారు. థర్మోడైనమిక్స్ మూడు వారాల్లో లాగించేశారు, ఎంట్రోపీ నాకు ఇప్పటికీ పొగమంచే. కరెంటు సగంలో ఉండగానే పరీక్షలొచ్చేశాయి, ఆ భాగం నేను సొంతంగా చదువుకుని టెన్షన్‌తో రాశాను. యాభై ఎనిమిది మార్కులొచ్చాయి, నాకది చాలు, ర్యాంకు కావాల్సినవాళ్లకి చాలదు.

ఇక ఒక స్టారు కోసింది సిలబస్ కోసం కాదు, బాత్రూమ్ కోసం. మేడ మీద లేదు, కింద అద్దెకున్నవాళ్లని అడిగి వెళ్లాలి, వాళ్లు ఊరెళ్తే అంతే సంగతులు. ఆడపిల్లలు మంచినీళ్లు తాగడం మానేసి కూర్చుంటున్నారు. మెట్లు నిటారుగా ఉంటాయి, లైటు లేదు, వానాకాలం పాచి పట్టేస్తాయి, నేనొకసారి జారాను. ఈ మూడూ మాస్టారికి చెప్పాను. నవ్వి, మెట్ల కోణానికీ ఘర్షణ గుణకానికీ లెక్క ఇచ్చారు. లైటు మాత్రం ఇంకా వెయ్యలేదు.

కొత్త బ్యాచ్ సంక్రాంతి అయ్యాక మొదలవుతుంది. బండ్లు గట్టు మీద పెట్టకండి, పక్కింటాయన గాలి తీసేస్తాడు. టేపు, పురికొస ఆయన దగ్గరుంటాయి, దోమల కాయిల్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.