డిగ్రీయా, ఐటీఐయా?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. డిగ్రీకైతే ఇంటర్ రెండేళ్లు, ఆపై కనీసం మూడేళ్లు. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల కంపెనీల్లో ఈ తేడా కళ్లకు కడుతుంది. ల్యాబ్‌లో తెల్లకోటుతో కనిపించేది బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లు. పంపు మొరాయిస్తే స్పానరుతో పరుగెత్తేది ఐటీఐ కుర్రాడు. తొలి జీతం ముందుగా అందుకునేదీ అతనే. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకూ పదో తరగతితో పాటు ఆ సర్టిఫికెట్ చాలు.

గ్రూప్-2కి మాత్రం డిగ్రీ లేనిదే దరఖాస్తే పెట్టలేరు. (పెళ్లి సంబంధాల్లో డిగ్రీకి దక్కే మర్యాద వేరే లెక్క!)

బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ తీస్తారు. ఉలి ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. ఆ పనితనం డిగ్రీ, ఐటీఐ ఏ సర్టిఫికెట్‌తోనూ రాదు.

ఏం చేయాలో తేల్చుకోకుండా డిగ్రీలో చేరేవాడికంటే నాకు ఫిట్టరే నయమనిపిస్తాడు. టీచరు కావాలనుకుంటే అది వేరే మాట.